నెట్ ఎటు పోతోందో నకలు చెబుతుంది



ఈ రోజు ఒక చిన్న సెట్టింగు గురించి మాట్లాడుకుందాం. దాని పేరు పోర్ట్ మిర్రరింగ్. పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే కాస్త ఆలోచించాలి. పది పదిహేను కంప్యూటర్లున్న ఆఫీసు, కాలేజీ ల్యాబు, నర్సింగ్ హోము, ప్రింటింగ్ ప్రెస్సు... ఇలాంటి చోట నెట్‌వర్కు బాధ్యత నెత్తిన పడ్డవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ఇంట్లో ఒక్క వైఫై పెట్టెతో గడిచిపోయేవాళ్లు కూడా వినండి. మీ రౌటర్లో ఈ సౌకర్యం ఉండకపోవచ్చు. కానీ నెట్ స్లో అయినప్పుడు ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది.

విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు అనుకుందాం. పన్నెండు కంప్యూటర్లు. ఆ రోజు ఇరవయ్యో తారీఖు. నెలనెలా జీఎస్టీఆర్ త్రీబీ అనే పన్ను రిటర్ను వేసేవాళ్లకి అదే ఆఖరి రోజు. ఉదయం పదకొండయింది. జీఎస్టీ పోర్టల్ పేజీ తిరుగుతూనే ఉంది, తెరుచుకోదు. ఒకరు నెట్ కంపెనీకి ఫోన్ చేశారు. "మా వైపు అంతా బాగానే ఉంది సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి" అన్నారు అవతలివాళ్లు. చేశారు. పది నిమిషాలు బాగుంది. మళ్లీ అదే తంతు. ఒకరు పోర్టల్‌ని తిడుతున్నారు. ఇంకొకరు మూలనున్న పాత స్విచ్చిని అనుమానిస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాడు వీడియోలు చూస్తున్నాడేమోనని ఆడిటర్ గారికి లోపల ఓ శంక. ఇంతమంది ఇన్ని మాటలంటున్నారు. ఆ వైర్లలో నిజంగా ఏం పోతోందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

చూడాలంటే ఎలా? అదే ఇవాళ్టి విషయం.

ఒకప్పుడు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. పాత రోజుల్లో కంప్యూటర్లని హబ్ అనే పెట్టెతో కలిపేవాళ్లు. హబ్‌కి పెద్ద తెలివి లేదు. ఒక వైరులోంచి వచ్చినదాన్ని మిగతా అన్ని వైర్లలోకీ పంపేసేది. ఎవరిది వాళ్లు తీసుకునేవాళ్లు. మిగతావాళ్లు వదిలేసేవాళ్లు. కాబట్టి ఏ మూల కూర్చున్నా నెట్‌వర్కు అంతా కనిపించేది.

తర్వాత స్విచ్చి వచ్చింది. 1990లో అమెరికాలో కల్పన అనే కంపెనీ ఈథర్‌స్విచ్ అని ఏడు పోర్టుల, అంటే వైరు గుచ్చే ఏడు రంధ్రాల, పెట్టె తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకాయన వినోద్ భరద్వాజ్. మూలాలు మన దేశానివే. కంపెనీకి భార్య పేరు పెట్టుకున్నాడు. 1994లో దాన్ని సిస్కో కొనేసింది. ఇవాళ మన ఆఫీసుల్లో గోడకి కొట్టి ఉండే స్విచ్చిలన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ రౌటర్ వెనక నాలుగు లాన్ పోర్టులుంటాయి చూడండి. అదీ లోపల ఒక చిన్న స్విచ్చే.

స్విచ్చి ఏం చేస్తుందంటే, ఏ పోర్టులో ఏ కంప్యూటర్ ఉందో గుర్తు పెట్టుకుంటుంది. ప్రతి కంప్యూటర్‌కీ తయారీలోనే ఒక నంబరు వస్తుంది. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. ఆ నంబరు చూసి, ఎవరి ప్యాకెట్టు, అంటే ఎవరికి పోవాల్సిన సమాచారం ముక్క, వాళ్ల పోర్టుకే పంపుతుంది. దీనివల్ల నెట్‌వర్కు వేగం పెరిగింది. పక్కవాడి సంగతి పక్కవాడికి తెలియకుండా కూడా పోయింది. మంచిదే. కానీ మీరు మీ ల్యాప్‌టాప్‌ని ఖాళీ పోర్టులో పెట్టి చూద్దామంటే మీకేం కనిపిస్తుంది? మీ ల్యాప్‌టాప్‌కి వచ్చేదీ, మీ ల్యాప్‌టాప్ నుంచి పోయేదీ. మహా అయితే అందరికీ కలిపి పంపే కొన్ని కేకలు. అంతే. ఆఫీసు మొత్తం కనపడదు.

అందుకే స్విచ్చికి మనం ఒక మాట చెప్పాలి. "ఫలానా పోర్టులో వచ్చేదీ పోయేదీ మామూలుగానే పంపు. దానితోపాటు ఒక నకలు తీసి నా పోర్టుకి కూడా వెయ్యి." ఈ మాట చెప్పడమే పోర్ట్ మిర్రరింగ్.

బట్టల కొట్లో బిల్లు పుస్తకం చూసే ఉంటారు. పై కాగితం కింద కార్బన్ పెడతారు. గుమాస్తా బిల్లు రాస్తాడు. పై కాగితం చింపి కొన్నవాళ్లకి ఇస్తాడు. కింది కాగితం పుస్తకంలోనే ఉంటుంది. కార్బన్ పెట్టారని కొన్నవాళ్లు ఒక్క క్షణం కూడా ఎక్కువ ఆగక్కర్లేదు. బిల్లులో అంకె మారదు. రాత్రి కొట్టు కట్టేశాక యజమాని తీరిగ్గా కింది కాగితాలు తిరగేస్తాడు. పోర్ట్ మిర్రరింగ్ అచ్చంగా ఆ కార్బన్ కాగితమే. అసలు ఆగదు. నకలు మన దగ్గరికి వస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. అసలు ఆగదు, నకలు మన దగ్గరికి వస్తుంది.

అసలు ఆపకుండా నకలు తీసుకోవడానికి ఎందుకంత విలువ? దీనికి ఒక నిజమైన కథ ఉంది. స్విచ్చిల కంటే ముందుది.

1986వ సంవత్సరం. అమెరికాలో కాలిఫోర్నియా. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అని ఒకాయన ఉండేవాడు. చదివింది ఖగోళశాస్త్రం. కంప్యూటర్ల విభాగంలో పనికి వేశారు. కంప్యూటర్ వాడుకున్నందుకు లెక్కగట్టే ఖాతాల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. డాలరు కూడా కాని తేడా. ఎందుకొచ్చిందో చూడమన్నారు. ఆయన తవ్వుకుంటూ పోయాడు. ఎవడో బయటివాడు దొంగతనంగా లోపలికి వస్తున్నాడని తేలింది. అది కూడా కంప్యూటర్ మీద పూర్తి అధికారం సంపాదించుకుని.

ఇక్కడే ఆయన తెలివైన పని చేశాడు. వాడేం చేస్తున్నాడో రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఆ కంప్యూటర్లోనే పెట్టొచ్చు. కానీ వాడికి పూర్తి అధికారం ఉంది కదా. ఆ ప్రోగ్రాం వాడి కంట పడొచ్చు. పడితే పారిపోతాడు. అందుకని స్టోల్ కంప్యూటర్‌ని ముట్టుకోలేదు. బయటినుంచి కంప్యూటర్‌లోకి వచ్చే టెలిఫోన్ లైన్ల దగ్గరికి వెళ్లాడు. శనాదివారాల్లో ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు, తోటివాళ్ల బల్లల మీదున్న ప్రింటర్లూ టెర్మినళ్లూ ఎత్తుకొచ్చి ఆ లైన్లకి తగిలించాడు. లైన్లో పోయే ప్రతి అక్షరం కాగితం మీద అచ్చయింది. వాడి పని వాడు చేసుకుంటూనే ఉన్నాడు. నకలు తయారవుతోందని వాడికి తెలియదు. నెలల తరబడి అలా కాపు కాస్తే, చివరికి జర్మనీలో హానోవర్‌లో ఉన్న మార్కస్ హెస్ దొరికాడు. సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్న ముఠాలో మనిషి.

మన ఆడిటర్ గారి ఆఫీసులో గూఢచారులు లేరు లెండి. కానీ సూత్రం అదే. పన్నెండు కంప్యూటర్లలో పన్నెండు ప్రోగ్రాములు పెట్టనక్కర్లేదు. ఎవరి పనీ ఆపనక్కర్లేదు. వైరస్ పట్టిన కంప్యూటర్ తన గురించి తాను అబద్ధం చెప్పొచ్చు. వైరులో పోయేదాని నకలు మాత్రం ఉన్నదున్నట్టు ఉంటుంది.

సరే, పెట్టడం ఎలా? స్విచ్చి మిమ్మల్ని మూడు సంగతులు అడుగుతుంది. దేని నకలు తీయాలి? ఏ వైపుది తీయాలి? నకలు ఎక్కడికి పంపాలి? మళ్లీ చెబుతున్నా. దేని నకలు, ఏ వైపుది, ఎక్కడికి.

తేలికైనది ముందు చూద్దాం. ఎక్కడికి? ఒక ఖాళీ పోర్టు ఎంచుకోండి. అందులో మీ ల్యాప్‌టాప్ వైరు పెడతారు. ఒక్క జాగ్రత్త. చాలా స్విచ్చిల్లో, ముఖ్యంగా సిస్కో లాంటి పెద్ద వాటిలో, నకలు వచ్చే పోర్టు ఇక నకలు పనికే. దాంట్లోంచి మీకు నెట్ రాదు. "అయ్యో, పెట్టగానే నా ల్యాప్‌టాప్‌కి నెట్ పోయింది" అని కంగారు పడకండి. అది తప్పు కాదు, దాని పద్ధతే అంత. మీకు నెట్ కావాలంటే ల్యాప్‌టాప్‌ని వైఫైకి కలిపి ఉంచుకోండి. వైరు నకలుకి, వైఫై మీ పనికి.

ఏ వైపుది? ప్రతి పోర్టులోనూ లోపలికి వచ్చేది ఒకటి, బయటికి పోయేది ఒకటి ఉంటాయి. రెండూ తీసుకోండి. ఒక్క వైపే తీస్తే, ఫోన్లో ఒకరి మాటే విన్నట్టుంటుంది. అడిగింది కనపడుతుంది, జవాబు కనపడదు. కనపడకపోతే జవాబు ఆలస్యంగా వచ్చిందో, అసలు రాలేదో ఎలా తెలుస్తుంది?

ఇక అసలు ప్రశ్న. దేని నకలు? కొత్తగా చేసేవాళ్లు ఇక్కడే తడబడతారు. "అన్నీ కావాలి, అన్ని పోర్టులకీ పెట్టేద్దాం" అనిపిస్తుంది. పెట్టకండి. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పోయే ప్యాకెట్టు ఒక పోర్టులో లోపలికి వస్తుంది, ఇంకో పోర్టులో బయటికి పోతుంది. అన్నిటికీ నకలు పెడితే అదే ప్యాకెట్టు మీకు రెండుసార్లు వస్తుంది. లెక్కలన్నీ రెట్టింపు కనపడతాయి. తప్పు లెక్క చూసి తప్పు మనిషిని అనుమానిస్తారు.

మరి ఎక్కడ? మన ఆఫీసు వైర్లు ఎలా పోతున్నాయో ఒకసారి కళ్లముందు పెట్టుకుందాం. వీధిలోంచి ఫైబర్ వస్తుంది. అది రౌటర్‌లోకి పోతుంది. రౌటర్‌లోంచి ఒక వైరు స్విచ్చిలోకి వస్తుంది. స్విచ్చిలోంచి పన్నెండు వైర్లు పన్నెండు కంప్యూటర్లకి పోతాయి. పన్నెండుమందిలో ఎవరు నెట్‌లోకి వెళ్లాలన్నా, రౌటర్‌కీ స్విచ్చికీ మధ్యనున్న ఆ ఒక్క వైరులోంచే పోవాలి. ఆ వైరు స్విచ్చిలో ఏ పోర్టుకి గుచ్చి ఉందో చూడండి. ఆ ఒక్క పోర్టుకి కార్బన్ పెట్టండి. చాలు.

"రౌటర్ దాటాక, ఫైబర్ వైపు పెడితే ఇంకా మంచిది కదా?" అని ఎవరైనా అడగొచ్చు. కాదు. రౌటర్ ఒక పని చేస్తుంది. లోపలున్న పన్నెండు కంప్యూటర్ల అడ్రసులూ దాచేసి, బయటికి అందరినీ ఒకే అడ్రసుతో పంపుతుంది. దాన్నే నాట్ అంటారు. ఆ వైపు కార్బన్ పెడితే ప్రతి బిల్లు మీదా కొట్టు పేరే ఉంటుంది, రాసిన గుమాస్తా పేరు ఉండదు. ఆఫీసు మొత్తం మీద ఎంత వాడారో తెలుస్తుంది. ఎవరు వాడారో తెలియదు. మనకి కావల్సింది ఎవరన్నది. కాబట్టి రౌటర్‌కి లోపలి వైపు పెట్టాలి. లోపలి వైపు. ఇది మర్చిపోకండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆఫీసులో సెల్‌ఫోన్లు కూడా ఉంటాయి. అవి వైఫైలో ఉంటాయి. ఆ వైఫై రౌటర్ నుంచే నేరుగా వస్తుంటే, ఫోన్లు వాడే నెట్ మన వైరులోకి రానే రాదు. గాల్లోంచి రౌటర్‌లోకి, అక్కణ్నుంచి అటే బయటికి పోతుంది. మీ కార్బన్ మీద గీత కూడా పడదు. "కంప్యూటర్లన్నీ బాగానే ఉన్నాయి, అయినా నెట్ స్లోగా ఉంది" అనిపిస్తే ఇదేమో చూసుకోండి. దీనికి దారి ఏమిటంటే, రౌటర్ వైఫై ఆపేసి, విడిగా యాక్సెస్ పాయింట్ అనే వైఫై పెట్టె ఒకటి తెచ్చి స్విచ్చికి తగిలించడం. అప్పుడు ఫోన్లు కూడా ఆ ఒక్క వైరులోంచే పోతాయి.

ఇప్పుడు పెట్టెల సంగతి. నెట్ కంపెనీ ఇచ్చే మామూలు రౌటర్లలో చాలావాటికి ఈ సెట్టింగు ఉండదు. సెట్టింగులేవీ లేని మామూలు స్విచ్చిలకీ ఉండదు. మేనేజ్డ్ అనో, స్మార్ట్ అనో రాసి ఉన్న స్విచ్చి కావాలి. ఐదు పోర్టులది చిన్నది చాలు. దాన్ని రౌటర్‌కీ పాత స్విచ్చికీ మధ్యలో పెట్టుకోవచ్చు. టీపీ-లింక్ వాళ్ల ఈజీ స్మార్ట్ స్విచ్చిల్లో మానిటరింగ్ అనే మెనూ కింద పోర్ట్ మిర్రర్ అని ఉంటుంది. అక్కడ రెండు పేర్లు కనపడతాయి. మిర్రర్డ్ పోర్ట్, మిర్రరింగ్ పోర్ట్. వినడానికి ఒకేలా ఉంటాయి, తారుమారు చేసేస్తాం. మిర్రర్డ్ అంటే దేని నకలు తీస్తున్నామో అది. మిర్రరింగ్ అంటే నకలు ఎక్కడికి వస్తుందో అది. మిర్రర్డ్‌లో రౌటర్ వైరున్న పోర్టు, మిర్రరింగ్‌లో మీ ల్యాప్‌టాప్ పోర్టు.

సిస్కోలో దీన్ని స్పాన్ అంటారు. కమాండ్లు టైపు చెయ్యాలి. మానిటర్ సెషన్ వన్ సోర్స్ ఇంటర్‌ఫేస్ అని కొట్టి, నకలు తీయాల్సిన పోర్టు చెప్పాలి. తర్వాత మానిటర్ సెషన్ వన్ డెస్టినేషన్ ఇంటర్‌ఫేస్ అని కొట్టి, ల్యాప్‌టాప్ పోర్టు చెప్పాలి. రెండే లైన్లు. వైపు ఏమిటో చెప్పకపోతే రెండు వైపులా తానే తీసుకుంటుంది.

మైక్రోటిక్ రౌటర్లున్నవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. స్విచ్ మెనూలో మిర్రర్ సోర్స్, మిర్రర్ టార్గెట్ అని రెండు గళ్లుంటాయి. ఆ రెండు పోర్టులూ లోపల ఒకే స్విచ్ చిప్‌కి చెందినవై ఉండాలి. కాకపోతే పనిచెయ్యదు. పనిచెయ్యని చోట ప్యాకెట్ స్నిఫర్ అనే సాధనం ఉంది. అది రౌటర్ చూసిన ప్యాకెట్లని నెట్‌వర్కు మీదుగానే మీ ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. ఇందాక చెప్పిన వైఫై ఫోన్ల చిక్కుకి కూడా ఇది పనికొస్తుంది.

నకలు వస్తోంది. చదివేదెలా? వైర్‌షార్క్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ అనే ఆయన ఈథీరియల్ పేరుతో మొదలుపెట్టాడు. 2006లో పేరు మారింది. దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసుకుని, వైరు ఉన్న ఈథర్‌నెట్ మీద నొక్కండి. వైఫై మీద కాదు. గీతలు పరుగెడతాయి. మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి. భయపడకండి. ఆ గీతలు చదవక్కర్లేదు. పది నిమిషాలు నడవనివ్వండి, ఆపండి. పైన స్టాటిస్టిక్స్ అనే మెనూలో కాన్వర్సేషన్స్ అని ఉంటుంది. అది నొక్కండి. ఎవరు ఎవరితో ఎంత మాట్లాడారో పట్టిక వస్తుంది. బైట్స్ అనే తలకట్టు మీద నొక్కితే ఎక్కువ వాడినవాళ్లు పైకొస్తారు.

మన ఆఫీసులో పైకొచ్చింది ఎవరనుకున్నారు? వీడియోలు చూస్తాడనుకున్న కుర్రాడు కాదు. ఆడిటర్ గారి సొంత కంప్యూటర్. అందులో ఖాతాల డేటాని పొద్దున పదిన్నరకి ఆన్‌లైన్‌లోకి ఎక్కించే బ్యాకప్ పెట్టి ఉంది. పెట్టినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. రౌటర్ ఆపినప్పుడు ఆ బ్యాకప్ తెగిపోతుంది. పది నిమిషాలకి మళ్లీ మొదలవుతుంది. ఇందాక పది నిమిషాలు బాగుందన్నానే, అదీ కారణం.

పైకి ఎక్కించేది ఎక్కువైతే కిందికి దించుకునేది ఎందుకు స్లో అవ్వాలి? వెబ్ పేజీ తెచ్చుకునేటప్పుడు మన కంప్యూటర్ ఊరికే కూర్చోదు. "ఇది అందింది, తర్వాతది పంపు" అని అవతలికి చిన్నచిన్న జవాబులు పంపుతూ ఉంటుంది. పైకి పోయే వేగాన్నంతా బ్యాకప్ తినేస్తుంటే, ఆ చిన్న జవాబులు దాని వెనకే ఆగిపోతాయి. జవాబు రాలేదు కాబట్టి అవతలి సర్వర్ కూడా ఆగుతుంది. తెర మీద పేజీ తిరుగుతూ ఉంటుంది. మామూలు స్పీడ్ టెస్టు రాత్రి ఎనిమిదింటికి చేస్తే అంతా బాగానే కనపడుతుంది. అప్పుడు బ్యాకప్ లేదు కదా. ఇక్కడ మందు సులువు. బ్యాకప్‌ని సాయంత్రం ఆఫీసు మూసే వేళకి జరిపితే సరి.

ఒకవేళ పోర్టల్‌దే తప్పయితే? అది కూడా నకల్లోనే తేలుతుంది. మన కంప్యూటర్ ఏ సర్వర్‌తోనైనా మాట మొదలుపెట్టేటప్పుడు ముందు ఒక పలకరింపు పంపుతుంది. దాన్ని సిన్ అంటారు. అవతలినుంచి దానికి జవాబు వస్తుంది. దాన్ని సిన్-యాక్ అంటారు. ఈ రెండిటికీ మధ్య ఎంత సమయం పట్టిందో వైర్‌షార్క్ చెబుతుంది. పలకరింపుకి జవాబు వెంటనే వచ్చి, అసలు పేజీ మాత్రం అరనిమిషం పట్టిందనుకోండి. దారి బాగుంది, అవతలి సర్వరే ఆలోచిస్తోందన్నమాట. పలకరింపుకే జవాబు ఆలస్యమైతే, చిక్కు దారిలో ఉంది. మధ్యమధ్య నల్లటి గీతల్లో రీట్రాన్స్‌మిషన్ అని ఎక్కువగా కనపడితే, దారిలో ప్యాకెట్లు పోతున్నాయి, మళ్లీ పంపాల్సి వస్తోంది. అప్పుడు నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యండి. "స్లోగా ఉంది" అని కాదు. "ఫలానా సమయంలో ఇన్ని ప్యాకెట్లు పోయాయి" అని చెప్పండి. ఫోన్ ఎత్తినవాళ్ల గొంతు మారుతుంది.

ఈ నకలు అన్నీ చెప్పదు. కొన్ని హద్దులున్నాయి.

ఒకటి, కొలత. గిగాబిట్ పోర్టులో వచ్చేది ఒక గిగాబిట్, పోయేది ఒక గిగాబిట్. కలిపితే రెండు. నకలు పోయే పోర్టు పంపగలిగింది ఒక్క గిగాబిట్టే. మిగిలింది స్విచ్చి చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. వంద మెగాబిట్ల నెట్‌కి ఈ గొడవ రాదు. ఆఫీసులో ఫైల్ సర్వర్ పోర్టుకి నకలు పెడితే రావచ్చు. అప్పుడు వైర్‌షార్క్‌లో యాక్డ్ అన్‌సీన్ సెగ్మెంట్ అనే మాట కనపడుతుంది. అందిందని జవాబు వచ్చింది, కానీ ఆ సరుకే మన నకల్లో లేదని దానర్థం. నెట్‌వర్కు బాగానే ఉంది, మన కార్బనే జారింది. ఇది తెలియక లేని జబ్బుకి వైద్యం చేసేవాళ్లున్నారు.

ఇంకొకటి. వైరు పాడై, ప్యాకెట్టు చెడిపోయి వస్తే, స్విచ్చి దాన్ని గుమ్మంలోనే పారేస్తుంది. నకల్లోకి రాదు. కాబట్టి ఎలక నమిలిన వైరు మీ వైర్‌షార్క్‌లో కనపడదు. దానికి స్విచ్చిలో పోర్టు లెక్కలు చూడాలి. సీఆర్సీ ఎర్రర్స్ అనే అంకె పెరుగుతోందేమో చూడండి.

ఫైలు సైజు కూడా గుర్తుంచుకోండి. వంద మెగాబిట్ల నెట్ నిండా నడిస్తే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు. గంటకి 45 గిగాబైట్లు. ల్యాప్‌టాప్ డిస్కు మధ్యాహ్నానికే నిండిపోతుంది. దీనికి ఉపాయం ఉంది. ప్రతి ప్యాకెట్టులో మొదటి 128 బైట్లే దాచమని వైర్‌షార్క్‌కి చెప్పొచ్చు. క్యాప్చర్ ఆప్షన్లలో స్నాప్ లెంగ్త్ అని ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఎంత అన్నది ఆ కాస్తలోనే దొరుకుతుంది. లోపలి సంగతి మనకి అక్కర్లేదు కూడా.

లోపలి సంగతి అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఇవాళ చాలా వెబ్‌సైట్లు హెచ్‌టీటీపీఎస్‌లో ఉంటాయి. అంటే లోపలి మాటలు సంకేతాల్లో ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డు, వాట్సాప్ కబురు మీ నకల్లో చదవలేరు. కానీ ఏ సైటుకి వెళ్లారో చాలాసార్లు తెలిసిపోతుంది. సైటు పేరు వెతికే డీఎన్‌ఎస్ ప్రశ్న ఇప్పటికీ చాలాచోట్ల బాహాటంగానే పోతుంది. ఇక పాతకాలపు ఎఫ్‌టీపీ, టెల్‌నెట్ వాడుతుంటే పాస్‌వర్డు అక్షరాలా కనపడుతుంది. మీ ఆఫీసులో అవి ఇంకా ఉంటే, నకల్లో ముందుగా బయటపడేది అదే. వెంటనే మార్పించండి.

ఏ సైటుకి వెళ్లారో తెలియడం చిన్న విషయం కాదు. ఒక ఉద్యోగి భోజనాల వేళ ఆస్పత్రి సైటు చూసి ఉండొచ్చు. వేరే ఉద్యోగం వెతుక్కుంటూ ఉండొచ్చు. అది మీ పని కాదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అంతకుముందే ఉన్న 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్కులోంచి డేటా నకలు తీసుకోవడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. కాబట్టి అద్దె ఇంట్లో, హాస్టల్లో, పక్కవాళ్ల ఆఫీసులో సరదాకి పెట్టి చూద్దామనుకోకండి. మీ ఆఫీసులోనైనా యజమాని దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. ఉద్యోగులకి ముందే చెప్పండి. "నెట్ ఎందుకు స్లో అవుతోందో చూస్తున్నాం, రేపు పదింటి నుంచి పన్నెండింటి దాకా" అని ఒక చీటీ నోటీసు బోర్డుకి అంటించండి. చెప్పాక తగ్గే వాడకం తగ్గుతుందనుకోండి. అదీ ఒక లాభమే కదా!

నా మాట అడిగితే, ఈ మిర్రర్ని ఎప్పుడూ పెట్టి ఉంచడం చిన్న ఆఫీసులకి వద్దు. పెద్ద సంస్థల సంగతి వేరు. వాళ్లు స్నోర్ట్, జీక్ లాంటి కాపలా ప్రోగ్రాములకి రోజంతా నకలు పంపుతారు. చూడటానికి మనుషులుంటారు. మనకి జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు చాలు. రోజంతా నోట్లో పెట్టుకుని తిరగం.

కాబట్టి పని అయ్యాక తీసేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. మర్చిపోతే ఆ పోర్టులో రేపు ఎవరు వైరు పెట్టినా, ఆఫీసు అందరి నకలూ వాళ్ల చేతికి పోతుంది. సిస్కోలో నో మానిటర్ సెషన్ వన్ అని కొట్టి, తర్వాత షో మానిటర్ అని కొట్టి చూడండి. సెషన్ ఏదీ మిగల్లేదని చెప్పాలి. చిన్న స్విచ్చిల్లో పోర్ట్ మిర్రర్‌ని డిజేబుల్ చేసి సేవ్ నొక్కండి. సేవ్ చెయ్యకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు మళ్లీ లేచి కూర్చునేవి ఉన్నాయి. స్విచ్చి అడ్మిన్ పాస్‌వర్డు పెట్టెలోంచి వచ్చినప్పుడున్నదే ఉంటే, దాన్నీ అప్పుడే మార్చేయండి. లేకపోతే మీరు తీసేసినదాన్ని ఇంకొకరు పెట్టుకోగలరు.

తర్వాత ఆ ఖాళీ పోర్టులో మామూలు కంప్యూటర్ ఒకటి పెట్టి, వైఫై ఆపి, నెట్ వస్తోందో చూడండి. అదే పోర్టులో వైర్‌షార్క్ కూడా ఒక నిమిషం నడపండి. పక్క కంప్యూటర్ల మాటలు ఇంకా వస్తున్నాయంటే మిర్రర్ పోలేదు. ఆ కంప్యూటర్‌వీ, అందరికీ కలిపి పంపే కేకలూ మాత్రమే వస్తుంటే పోయినట్టే. ఇక ల్యాప్‌టాప్‌లో దాచిన నకలు ఫైలు మిగిలింది. బ్యాకప్ వేళ మార్చాక ఒక్క రోజు ఉంచుకోండి, పోల్చి చూడటానికి. ఆ తర్వాత చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. నెట్ కంపెనీకి మెయిల్‌లో పంపి ఉంటే, పంపిన మెయిళ్లలో కూడా ఉంటుంది చూడండి.